మొదటి పేరాలో మూడు తప్పులు

2025 మార్చి 14, శుక్రవారం, ఉదయం పది గంటలు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అద్దె ఫ్లాట్. హాజరైనవారు ఇద్దరే: విభాగాధిపతి వరూధిని, ఏజెంట్ మల్లికార్జున్.

"పక్క వీధిలో కంటెంట్ కంపెనీ. బ్లాగుల మాటున రక్షణ రహస్యాలు దేశం దాటుతున్నాయి. లోపల మన డబుల్ ఏజెంట్ సమీనా ఉంది. ఆమె పేజీల్లో తప్పులుండవు. మొదటి పేరాలో మూడు తప్పులు కనిపిస్తే, ప్రాణాపాయమని సంకేతం. సైటులో అవి పడిన క్షణమే మనవాళ్ళు కదులుతారు. మిగతావాళ్ళ తప్పులపై క్లయింట్ల గోల భరించలేక కంపెనీవాళ్ళు ప్రూఫ్‌రీడర్‌ను వెతుకుతున్నారు. మీరు వెళ్ళండి."

"నేనా మేడమ్? లలిత్‌ను మరిచారా?"

రెండేళ్ళ క్రితం, మరోచోట లోపలున్న విభాగపు ఏజెంట్ లలిత్ కూడా అలాగే మూడు తప్పులు రాశాడు. ఆ పేజీలను సైటులో పెట్టే వెబ్ డెస్క్‌లో ఉన్న మల్లికార్జున్‌కు ఆ సంకేతం ఎవరూ చెప్పలేదు. చిరాకుపడి దిద్దేశాడు. లలిత్ శవం ఊరి బయట, చందాపుర దగ్గర దొరికింది. అప్పటినుంచి శుభ్రమైన పేజీ ఏది చూసినా, దాని అడుగున ఎవరో ఊపిరాడక కొట్టుకుంటున్నట్టే ఉంటుంది అతనికి.

మధ్యాహ్నం పన్నెండు. కంపెనీ గుమ్మంలోనే ఫోన్ లాక్కున్నారు. కళ్ళద్దాల్లోని కెమెరాను జామర్ చంపేసింది. ఎదుటి బల్ల దగ్గర సమీనా: ఎర్రని లిప్‌స్టిక్, చెక్కుచెదరని చిరునవ్వు, కుర్చీ వెనక ఇద్దరు వస్తాదులు.

మేనేజర్ వెంకటగిరియప్ప పేజీ తెరిచాడు. "ఈయమ్మ రాసింది. ఒక్క తప్పు ఉండకూడదప్పా. ఒంటిగంటకి కారు వస్తాది. ఈయమ్మ ఊరికి పోతా ఉండాది."

మొదటి పేరాలో మూడు తప్పులున్నాయి.

దిద్దితే సమీనా పోతుంది. దిద్దకపోతే మేనేజర్‌కు అనుమానమొచ్చి ఇద్దరూ పోతారు. తెర గాజులో, తన భుజం వెనక నిలబడి లలిత్ చదువుతున్నట్టు తోచింది.

మూడూ దిద్దాడు. సమీనా చిరునవ్వు ఆరిపోయింది.

వెంకటగిరియప్ప వంగి చూశాడు. "బాగుండాది. పోస్ట్ చెయ్."

"మళ్ళీ ఎవరైనా చూస్తారా సార్?"

"నువ్వు చూసినాక ఇంకెవురు చూస్తారప్పా? మాకేం పనీపాటా లేదా?"

అతడు సిగరెట్ వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. మల్లికార్జున్ పుట్టి బుద్ధెరిగాక తొలిసారి, నిక్షేపంగా ఉన్న వాక్యాలను చేతులారా పాడుచేశాడు. అదే పేరాలో, వేరే మూడుచోట్ల. పబ్లిష్ నొక్కాడు.

పన్నెండూ యాభై ఎనిమిదికి సమీనాను లిఫ్ట్‌లోకి తోశారు. తలుపులు మూసుకునేలోగా, నీళ్ళ ట్యాంకర్ కూలీల వేషంలో వరూధిని మనుషులు విరుచుకుపడ్డారు.

సాయంత్రం రిపోర్టు సిద్ధమైంది. "మీరు దిద్దుతుంటే, ఆఖరి ఘడియ అనుకుని కలిమా చదువుకున్నా సార్," అంది సమీనా. "అయినా నా తప్పులకేం తక్కువైందని వేరేవి పెట్టారు?"

మల్లికార్జున్ కలం తీశాడు. రెండేళ్ళుగా ఏ కాగితానికీ ఎక్కని వాక్యాన్ని రిపోర్టు అడుగున చేర్చాడు: లలిత్ పేజీని దిద్దినవాణ్ణి నేనే. కింద సంతకం పెట్టాడు.

"ఒకసారి చదివి చూసుకోరా?" అంది వరూధిని.

"వద్దు మేడమ్. చదివితే దిద్దబుద్ధవుతుంది."

కాగితం మడిచి రిపోర్టుల సొరుగులో పెట్టాడు.