తేనెటీగల ముగింపు

అసలు గొడవంతా ఒక పెన్సిల్‌తో మొదలైంది.

గ్రంథాలయంలో కొత్త పుస్తకాల అర పక్కన ఒక బోర్డు ఉంది. అస్తిత్వమనీ, సామాజిక న్యాయమనీ ఈమధ్య వస్తున్న పుస్తకాలన్నీ చదివి, ఒక్కోదాని మీద అభిప్రాయం చీటీగా రాసి ఆ బోర్డుకు గుచ్చడం అక్కడి అసిస్టెంటుకు అలవాటు. రాయమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. అందరూ అతణ్ణి అభిప్రాయరావు అని పిలిచేవారు. ఆ బుధవారం ఒక కవితల పుస్తకం గురించి 'ప్రతి పేజీ ఒక నిప్పుకణం' అని రాశాడు. మధ్యాహ్నానికల్లా దాని కింద పెన్సిల్‌తో ఇంకో వాక్యం చేరింది: 'ఈ పేజీలన్నీ మడిచింది నేనే. చెయ్యి కాలలేదు.'

రాసిన మనిషి పారిపోలేదు సరికదా, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని అక్కడే నిలబడింది. కొత్త పుస్తకాలు కట్టే బైండింగ్ షాపాయన కూతురు. చిరిగిన పుస్తకాలు కుట్టి తెచ్చివ్వడానికి ప్రతి బుధవారం వస్తుంది.

మీకు నా మీద ఏమిటండీ కక్ష అని అతను అడిగాడు. కక్ష మీ మీద కాదు, మీ చీటీల మీద అంటూ ఆమె పక్క చీటీ చూపించింది. ఒక నవల గురించి 'గొంతు లేనివాళ్ళ గొంతు' అని ఉంది.

"ఆ పుస్తకంలో ఆవిడ పదో పేజీ నుంచీ అరుస్తూనే ఉందండీ. గొంతు లేక కాదు, వినేవాళ్ళు లేక."

పోట్లాటకు వస్తాడనుకుంది. అతను మాత్రం ఆ చీటీ పీకేసి, ఆమె అన్నది అన్నట్టే కొత్త చీటీ మీద రాసి, అడుగున 'ఈ మాట బైండింగ్ వారిది' అని చేర్చాడు. అంతే, ఆమె గుండె దడదడలాడింది. ఛీ, ఒక్క చీటీకే ఇంత దడా అని దారంతా తనను తాను తిట్టుకుంది.

వారం తిరక్కుండా ఆ చీటీ మాయమైంది. అతను బోర్డు వెనకా, బల్ల కిందా వెతికాడు. ఆమె కూడా పాపం, చాలాసేపు వెతికినట్టు నటించింది.

ఆ తర్వాత గ్రంథాలయంలో పుస్తకాలకు జబ్బులు ఎక్కువయ్యాయి. కుట్టు వదులైందని అతను పంపిన పుస్తకాన్ని నలుగురు కలిసి లాగినా ఊడదు. దాన్ని మళ్ళీ కుట్టాల్సిందేనని ఆమె కూడా గంభీరంగా తలూపేది. బుధవారాలు చాలక శుక్రవారాలు, శనివారాలు కూడా వచ్చి కలిశాయి. అన్నిటినీ ఎందుకలా పొగుడుతారని ఒకసారి అడిగింది.

"బాగాలేదని రాస్తే అరలోంచి ఎవరూ తియ్యరండీ. వాళ్ళ బాధ అక్కడే ఉండిపోతుంది," అన్నాడు. ఆమె చెవి మీది పెన్సిల్ తియ్యబోయి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

ఇలా ఉండగా ఒక కొత్త నవల వచ్చింది. పెద్ద ఆఫీసులో నేల తుడిచే ఒకావిడ కథ. అక్కడ ఆవిడ పేరు ఎవరూ అడగరు. దాన్ని కట్టింది వీళ్ళ షాపే. ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో సభ. రచయిత్రి వస్తున్నారు, ఆవిడ ముందు అభిప్రాయరావు తన అభిప్రాయం చదవాలి. శుక్రవారమే అతను దాన్ని బోర్డుకు గుచ్చాడు.

'రెండువందల పేజీలు పోరాడిన నాయిక చివర్లో ఉన్నట్టుండి తేనెపట్టులోకి ప్రవేశిస్తుంది. కూలి ఈగకు పేరుండదు. ఇంత సాహసమైన ముగింపు ఈమధ్య చూడలేదు.'

చదివి ఆమె కొయ్యబారిపోయింది. ఆ నవలలో తేనెటీగలు లేవు. అవి షాపులో పక్క బల్ల మీద కట్టిన ఇంకో పుస్తకంలో ఉన్నాయి, తేనెటీగల పెంపకం గురించినది. పదహారేసి పేజీల మడతల్ని ఫారాలంటారు. వాటిని కుప్పలుగా పేర్చి, ఒక్కో కుప్ప నుంచి ఒక్కోటి తీసుకుంటూ పోతే పుస్తకం అవుతుంది. ఒక్క కాపీకి, ఆఖరి ఫారం దగ్గర, ఆమె చెయ్యి పక్క బల్ల మీదికి పోయింది. ఐదొందల కాపీల్లో ఆ ఒక్కటే వచ్చి ఇతగాడి చేతిలో పడాలా!

చెప్పకపోతే ఆదివారం అతను నలుగురిలో నవ్వులపాలవుతాడు. చెబితే, ముప్పై ఏళ్ళుగా తప్పు పుస్తకం బయటికి పోనివ్వని నాన్న తల దించుకోవాలి. పైగా చెయ్యి ఎందుకు తప్పిందని ఎవరైనా అడిగితే?

శనివారం జోరువానలో, అసలు ఆఖరి ఫారం ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వచ్చింది. అరల వెనక్కి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఈగలకు పెట్టే చక్కెర నీళ్ళు ఎలా కలపాలో చదువుతున్నప్పుడైనా అనుమానం రాలేదా అని అడిగింది.

"ప్రతీక అనుకున్నానండీ," అన్నాడతను నీరసంగా.

నిలబడే ఆ పదహారు పేజీలూ చదివాడు. చివరికి ఒకమ్మాయి వచ్చి ఆవిడ పేరు అడుగుతుంది. ఇన్నేళ్ళకా అని ఆవిడ నవ్వి, తుడిచిన నేల ఆరేదాకా ఆగమంటుంది. అతని కళ్ళు చెమర్చాయి. ఫారం జాగ్రత్తగా మడిచి, మీ చెయ్యి తప్పదే, ఆరోజు ఏమైందని మెల్లగా అడిగాడు.

"మీ చీటీ నేనే దొంగిలించాను. అది బల్ల మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ ఫారాలు తీశాను."

అనేసి వానలోకి పరుగెత్తింది.

ఆదివారం హాలు నిండిపోయింది. నాన్న ఎప్పటిలాగే ఆఖరి వరసలో కూర్చున్నాడు, పక్కన ఆమె. అభిప్రాయరావు తేనెటీగల చీటీనే పైకి చదివాడు. రచయిత్రి మొదట నివ్వెరపోయి, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"నా కాపీలో ఆఖరి పేజీలు వేరే పుస్తకానివి," అన్నాడు. "కానీ నేల తుడిచే ఆవిడ చివరి మాట నాకు అందలేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు. చప్పట్లు కొట్టడానికి ముందే సిద్ధమై చదివాను. ఆ తప్పు నాదే."

షాపు ఊసే ఎత్తలేదు. అయినా నాన్న మొహం పాలిపోయింది. ఆమె ఇక ఆగలేక, తప్పు ఫారం పెట్టింది నేనే నాన్నా అంది. నాన్న ఆమెను చూశాడు. మైకు దగ్గర చెవులదాకా ఎర్రబడ్డ అతణ్ణి చూశాడు. మళ్ళీ కూతుర్ని చూశాడు.

సభ అయ్యాక నేరుగా అతని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు.

"పుస్తకం ఇవ్వండి బాబూ, విప్పి సరిగ్గా కట్టిస్తాను. మా షాపు తప్పు బయట తిరగడానికి వీల్లేదు."

అతను దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "గ్రంథాలయానికి కొత్త కాపీ కొనిచ్చేశానండీ. ఇది మాత్రం ఇవ్వలేను."

నాన్న గడ్డం గోక్కుంటూ కూతురి వైపు తిరిగాడు.

"ఇవ్వరటమ్మా. ఇక పుస్తకంతోపాటు ఈయన్ని కూడా మనింటికి తెచ్చేసుకోవాలి. వేరే దారి కనపడటం లేదు."

ప్రతి చీటీకీ జవాబు రాసే ఆ కూతురు, చెవి మీది పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టి, గుమ్మందాకా పరుగెత్తింది. బయట వాన. గొడుగు మరిచిపోయానంటూ మళ్ళీ వెనక్కి వచ్చింది.