మామగారి బస్సుకి కొంచెం వేగం

శనివారం ఉదయం ఏడున్నరకి మామగారు హాల్లో కూర్చునే ఒక కూరగాయల బండిని, రెండు చెత్తకుండీలని, ఒక సిగ్నల్ స్తంభాన్ని గుద్దేశారు.

ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. అత్తగారు వంటింట్లో టీ వడపోస్తూ, "మళ్ళీనా?" అని మాత్రం అడిగారు.

"స్తంభం పోయింది. మనుషులు పక్కకి దూకారు" అన్నారు మామగారు దిగులుగా, స్టీరింగు వదిలేసి.

పెళ్ళయి ఏడు వారాలైన కోడలికి ఈ ఇంట్లో అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. గ్లాసులో తన బ్రష్షూ మొగుడి బ్రష్షూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడడం ముచ్చట. కుట్టుపని చేసే అత్తగారు కనిపించిన ప్రతి వస్తువుకీ తొడుగు కుట్టెయ్యడం ముచ్చట. ఫ్రిజ్‌కి పూలది, మిక్సీకి గళ్ళది, టీవీ రిమోట్‌కి జేబు రుమాలంతది. గదిలో 'నువ్వు' అని పిలిచే మొగుణ్ణి హాల్లోకి రాగానే 'మీరు' అనాల్సి రావడం, ఆ కంగారులో ఒక్కోసారి గుమ్మం దగ్గర "నువ్వండీ" అనేయడం మరీ ముచ్చట. మామగారి దిగులు ఒక్కటే ఆ అమ్మాయికి ముచ్చటగా లేదు.

మామగారు ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపారు. మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వక రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందే దిగిపోయారు. మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసే కొడుకు, నాన్న దిగాలుగా ఉంటున్నాడని ఒక స్టీరింగూ పెడళ్ళూ కొని ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించాడు. డిపోలో పాత డ్రైవర్లు ఏడుగురు ప్రతి ఆదివారం పదింటికి ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, ఒకే ఆటలో, ఒకే రూటులో వరసగా బస్సులు నడుపుతారు. హెడ్‌ఫోన్లలో నోరారా తిట్టుకుంటారు. మూడుసార్లు గుద్దినవాళ్ళు వరసలోంచి తప్పుకోవాలి. మూడు వారాలుగా తప్పుకుంటున్నది మామగారే.

"నిన్న హారన్‌గాడు ఫోన్ చేశాడమ్మా" అన్నారాయన టీ కప్పులోకి చూస్తూ. హారన్ అంటే ఆయన స్నేహితుడు. సర్వీసంతా చెయ్యి హారన్ మీదనుంచి తియ్యని మనిషి. "రేపు కూడా దిగిపోతే వరసలో నా బస్సు నంబరు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట. నువ్వు చూస్తూ కూర్చోవోయ్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక సైకిల్‌కి కూడా గీత పడనివ్వలేదు నేను."

కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పాఠాలు చెప్పే కోడలు ఆయన వెనక నిలబడి రెండు మలుపులు చూసింది. మలుపు తిరిగే ప్రతిసారీ తెర ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. అది కదిలేసరికి బస్సు ఫుట్‌పాత్ మీద ఉంటోంది.

"మావయ్యా, తప్పు మీది కాదు, ప్రాసెసర్‌ది. పాపం దానికి ఈ ఆట మోసే వేగం లేదు. కానీ కంపెనీవాళ్ళు పెట్టిన వేగం కంటే ఇంకొంచెం పరిగెత్తే ఓపిక ఈ రకానికి ఉంది. సెట్టింగుల్లో మనమే పెంచుకోవచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటారు."

మామగారు కప్పు కింద పెట్టేశారు. "అంటే, బస్సు వేగం హద్దు దాటకుండా బిగిస్తారే, ఆ స్పీడ్ గవర్నర్ విప్పేయడమా?"

"అలాంటిదే, కానీ..."

"గవర్నర్ విప్పిన బండి నేను తోలను."

"విప్పం మావయ్యా. ఒక్కో మెట్టు పెంచుతాం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి వేడి ఎంతుందో చూస్తాం. తట్టుకోలేకపోతే వెనక్కొచ్చేస్తాం."

"వేడి అన్నావూ, మరి రేడియేటర్?"

"దీనికి ఫ్యాన్ ఉంటుంది."

"ఊఁ" అన్నారాయన. ఆ ఊఁలో సగం ఒప్పుకోలు వినిపించింది.

షాపుకి బయల్దేరుతున్న మొగుడు చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాడు. "డోసు పెంచితే సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి. ఇంతకీ రాసిచ్చిన డాక్టరెవరు?"

"నేనే. ఏం, నీకు... మీకు నమ్మకం లేదా?"

"కాలిపోతే?"

"కాలేలోపు అదే ఆగిపోతుంది. వేడి హద్దు దాటగానే తనంతట తనే ఆరిపోయేలా చేసి ఉంటారు. ముందు మన పెళ్ళి ఫోటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించేస్తాను, సరేనా?"

పెళ్ళి ఫోటోల మాట వినగానే అతని మొహం మెత్తబడింది. ఆ మెత్తబడడం చూసి ఆ అమ్మాయికి ఇంకో ముచ్చట దొరికింది.

ఆ పూటంతా హాలు వర్క్‌షాపైపోయింది. కోడలు కంప్యూటర్ పెట్టె మూత విప్పి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి ఫ్యాన్ మళ్ళీ బిగించింది. కరెంటు వోల్టేజీ జోలికి పోలేదు. వేగం ఒక్కటే, మెట్టు మెట్టుగా పెంచింది. మెట్టుకో అరగంట ప్రాసెసర్ చేత గొడ్డు చాకిరీ చేయించే పరీక్ష పెట్టింది. మామగారు పాత ట్రిప్ షీట్ల పుస్తకం తెచ్చుకుని, పక్కన కూర్చుని, పది నిమిషాలకోసారి డిగ్రీలు రాశారు. అరవై ఎనిమిది. డెబ్భై రెండు. డెబ్భై ఆరు. నాలుగో మెట్టు దగ్గర తెర నీలంగా మారి నిలిచిపోయింది.

"పోయిందా?" అన్నారాయన పెన్ను గాల్లో పెట్టి.

"పోలేదు. చాలమంటోంది. మూడో మెట్టుకే వచ్చేద్దాం."

మూడో మెట్టులో గంటసేపు పరీక్ష పెట్టినా కంప్యూటర్ కిక్కురుమనలేదు. ఫ్యాన్ మాత్రం హోరెత్తింది. అత్తగారు గరిటె పట్టుకుని వచ్చి పెట్టెని అనుమానంగా చూశారు. "అదేంటమ్మాయ్, అలా ఆయాసపడుతోంది?"

"ఆయాసం కాదత్తయ్యా, వ్యాయామం."

సాయంత్రం మామగారు ఒక రౌండు నడిపి చూశారు. బస్సు వెన్నలా తిరిగింది. కూరగాయల బండిని జానెడు దూరంలో దాటి, ఆ బండివాడికి చెయ్యి కూడా ఊపారు. కోడలు అక్కడే రెండు గెంతులు గెంతింది.

ఆదివారం ఉదయం పాలకని బయల్దేరిన కొత్త దంపతులు, పొద్దున్నే తొమ్మిదింటికి ఐస్‌క్రీమ్ తినకూడదని ఎక్కడా రాసి లేదు కదా అని చెరొకటి తినేసి, తొమ్మిదిన్నరకి ఇల్లు చేరారు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్లబడిన తెర ముందు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నారు.

"ఫ్లైఓవర్ మీద ఆగిపోయిందమ్మా" అన్నారు. "ఓసారి చెయ్యి సరిచూసుకుందామని తీశాను. నలభై ఇద్దరు ప్యాసింజర్లున్నారు. టప్‌మని ఆరిపోయింది. ఇంక నేను ముట్టుకోలేదు."

"నేను నిన్ననే చెప్పాను, డోసు..." అని మొదలుపెట్టాడు కొడుకు.

"చెప్పావులే! నువ్వు టీలో చక్కెర ఇంకో చెంచా వేసినా సైడ్ ఎఫెక్ట్స్ అంటావ్!"

హాల్లో 'నువ్వు' అనేసినట్టు ఆ అమ్మాయికి తెలియనే లేదు. అతనికి తెలిసింది, చెవులు ఎర్రబడ్డాయి. "తెలియని పని ఎందుకు నెత్తికెత్తుకోవాలి? అరగంటలో నాన్న ఆట ఉంది. ఇప్పుడు ఏం చెబుతాడు వాళ్ళకి?"

"తెలియని పనా? గంటసేపు పరీక్ష పెట్టాను!"

"పోనీలేమ్మా" అన్నారు మామగారు నెమ్మదిగా. "పాతదే నయం. గుద్దుకుంటూనైనా ముందుకు పోయేది. హారన్‌గాడికి రావడం లేదని చెప్పేస్తాను."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. ఆ నెమ్మదితనానికే కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడు వారాల్లో మొదటిసారి, తను ఈ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి ఏదో పగలగొట్టినట్టు అనిపించింది. మొహం కనబడకుండా టేబుల్ కిందికి వంగి పెట్టె మీద చెయ్యి వేసింది. చుర్రుమంది. నిన్న గంట పరీక్షలో కూడా ఇంత కాగలేదు. వెనక ఫ్యాన్ జాలీకి ఏదో చిక్కుకుని ఉంది. లాగి చూసింది. ఆకుపచ్చ దారప్పోగు.

ఆ అమ్మాయి తిన్నగా అత్తగారి గదిలోకి నడిచింది. అత్తగారు మంచం మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నారు.

"అత్తయ్యా, దిండు కింద ఏంటి?"

"ఏం లేదు."

"వెచ్చగా ఉందా?"

అత్తగారు చూపు గోడ మీదికి తిప్పారు. "ఉంది" అన్నారు.

దిండు కింద ఆకుపచ్చ తొడుగు. లోపల దూది, చుట్టూ పసుపు పైపింగు, ఆన్ బటన్‌కి కాజా, పెన్‌డ్రైవ్ పెట్టుకోడానికి చిన్న జేబు. ఫ్యాన్ గాలి బయటికి పోవడానికి మాత్రం సూది మొనంత సందు లేదు.

"తెల్లారే లేచి కుట్టాను. మీరు అటు వెళ్ళగానే తొడిగాను. తెర మీదే కళ్ళున్న మనిషికి టేబుల్ కింద ఏముందో తెలియలేదు. ఆగిపోయిందని ఆయన హెడ్‌ఫోన్లు తీసి మొహం కడుక్కోడానికి వెళ్ళగానే లాగేశాను" అన్నారు అత్తగారు. "వాడు నిన్ను అంటుంటే బయటికి రావాలనే అనుకున్నాను. కాళ్ళు కదలలేదు. కోడలు తప్పు చేస్తే ఏమనాలో నాకు బోలెడుమంది చెప్పారు. అత్తగారు తప్పు చేస్తే ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు."

వెనకే వచ్చిన మొగుడు తొడుగు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే సైడ్ ఎఫెక్ట్ మందుది కాదు, దుప్పటిది" అని, భార్య వైపు తిరిగాడు. "అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. నువ్వే నిజమైన డాక్టరువి."

కోడలికి నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి రావడం ఇంత తమాషాగా ఉంటుందని అప్పుడే తెలిసింది. "దుమ్ము పడుతుందని తొడిగారా అత్తయ్యా?"

"దుమ్ము కాదు, ఆ హోరు. నాకు పడదు" అన్నారు అత్తగారు. ఒకసారి నోరు తెరిచాక మాట ఆగలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఇంజన్ పక్కన కూర్చుని వచ్చేవారు. ఇంటికొచ్చాక మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవారు కాదు. చెవుల్లో బస్సే ఉండేది. దిగిపోయారు, ఇక నా మాట వింటారనుకున్నాను. బస్సే హాల్లోకి వచ్చి కూర్చుంది! చెవులకి హెడ్‌ఫోన్లు కూడా."

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు.

"ఒక్కసారి కూడా నా బస్సెక్కలేదు నువ్వు" అన్నారు.

"ఎక్కుదామనే ఒకసారి స్టాపులో నిలబడ్డాను, పెళ్ళయిన కొత్తలో. మీరు ఆపలేదు."

"బస్సు నిండిపోయి ఉంటుంది."

"ఖాళీగా ఉంది."

"మరి... నువ్వని చూసుకోలేదేమో."

"అదే కదా నేను చెప్పేది."

మామగారు చొక్కా పై బటన్ ఒకసారి విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. కోడలు గడియారం చూసి ఉలిక్కిపడింది.

"మావయ్యా, పది నిమిషాలే ఉంది. రండి. చల్లబడి ఉంటుంది. ఇంకో మెట్టు తగ్గిస్తాను. తెర బిగుసుకోదు, ఫ్యాన్ కూడా ఇంత గోల చెయ్యదు."

నిజంగానే చెయ్యలేదు. పెట్టె బుద్ధిగా, పక్కింట్లో ఎవరో స్నానం చేస్తున్నట్టుగా చిన్నగా మోగింది. మామగారు హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని, ఏమనుకున్నారో, వైరు ఊడబీకేసి స్పీకర్లు ఆన్ చేశారు. వంటింట్లోంచి స్టూలు తెచ్చి తన ఎడంపక్కన వేశారు. పిలవలేదు. అత్తగారు వచ్చి కూర్చున్నారు.

"ఏమోయ్, వచ్చావా?" అంది స్పీకరులో హారన్ గారి గొంతు. "ఇవాళ ఏ స్తంభం రాసిపెట్టి ఉంది నీకు?"

"నా వెనకే రా, చూద్దువుగాని" అన్నారు మామగారు.

బస్సులు బయల్దేరాయి. మొదటి మలుపు నున్నగా వెళ్ళిపోయింది. కూరగాయల బండి దాటిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కోడలు మొగుడి చెయ్యి పట్టుకుంది. దిగేసరికి అతని వేళ్ళు తెల్లబడ్డాయి. అరవై తొమ్మిది డిగ్రీలు. ఒక్క గీత లేదు. చివరి స్టాపుకి ఇంకో రెండు వీధులే ఉన్నాయి.

"ఏమండీ" అన్నారు అత్తగారు మెల్లగా, దాదాపు తనలో తనే. "అక్కడెవరో సంచి పట్టుకుని నిలబడింది."

ఒక్కసారికే విన్నారు మామగారు. బ్రేకు తొక్కేశారు.

వెనకనుంచి చెవులు చిల్లులు పడేలా మోత, ఆ వెంటనే దబ్బుమని చప్పుడు. హారన్ గారి బస్సు వచ్చి వెనక బంపరుకి గుద్దుకుంది.

"ఒరేయ్! ఇది మన స్టాపు కాదురా! ఎందుకాపావ్?"

"గుద్దింది నువ్వు. నీ ఖాతాలో వేసుకో" అన్నారు మామగారు, తలుపు తెరిచే బటన్ వెతుక్కుంటూ. కళ్ళు తడిసి బటన్ కనబడలేదు. కోడలు చూపించింది. "మనిషి నిలబడి చాలా ఏళ్ళైందిరా. ఎక్కనీ."

తెర మీద సంచి పట్టుకున్నావిడ మెట్లెక్కి లోపలికి వచ్చింది. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, బస్సు లోపలంతా ఒకసారి పరికించి చూశారు.

"సీట్లు మరీ బోసిగా ఉన్నాయండీ" అన్నారు. "కొలతలు ఇవ్వండి, తొడుగులు కుడతాను."