శనివారం అంగడి చీటీ

ఆరు గంటలకు మిల్లు సైరన్ మోగేసరికి స్వరూప వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పొయ్యి మీద అటుకులు తాళింపు వేస్తూ ఉంటుంది. ఆ గురువారం కూడా అంతే. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను బిడ్డ మీద. ఏడు దాటాక నాలుగో తరగతి రుచిత గడప మీద కూర్చొని జడ వేయించుకోవడానికి రిబ్బన్లు పట్టుకొని ఎదురుచూస్తోంది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన భర్త కరుణాకర్ చాయ తాగి పడుకున్నాడు. అతని చెల్లెలు ప్రమోదిని డిగ్రీ చదివింది. టీచర్ ఉద్యోగ పరీక్షకు తయారవుతూ వీళ్ళతోనే ఉంటోంది. పొద్దున్నే పుస్తకం పట్టుకొని మూల గదిలో కూర్చుంటుంది.

జడ వేస్తూ స్వరూప రోజూ అడిగే మాటే అడిగింది, బడి నుంచి ఫోన్‌కు ఏమీ రావట్లేదేమిటని. రుచిత రోజూ చెప్పే మాటే చెప్పింది. పెద్దసారు ఫోన్లు వద్దన్నాడట, క్లాసు వాట్సప్ గ్రూపు జులైలోనే బంద్ చేశారట. స్వరూపకు అది విన్నప్పుడల్లా కొంచెం నిమ్మళంగా, కొంచెం వెలితిగా ఉండేది.

ఆమె చదువు ఎనిమిదో తరగతి సగంలో ఆగిపోయింది. కోరుట్ల అవతల తన ఊళ్ళో తల్లికి నడుము పడిపోతే బీడీల చాట ఆమె ఒళ్ళోకి వచ్చింది. తొమ్మిదేళ్ళు బీడీలు చుట్టింది. కుడిచేతి చూపుడువేలు ఒక పక్క గట్టిపడి, కొన కొద్దిగా వంగిపోయింది. తెలుగు చదవగలదు. కాకపోతే అక్షరాల కింద ఆ వేలు పెట్టుకొని జరుపుకుంటూ పోవాలి. వేలు తీస్తే వరస తప్పిపోతుంది.

జూన్‌లో సృజన టీచర్ 'ఇంటి కథ' అని ఒకటి మొదలుపెట్టింది. ప్రతి శనివారం ఇంట్లో అమ్మో నాన్నో పిల్లల పక్కన కూర్చొని ఒక కథ చదవాలి, ఫోన్‌లో వీడియో తీసి గ్రూపులో పెట్టాలి. సోమవారం దాన్ని క్లాసులో గోడంత డిజిటల్ బోర్డు మీద వేస్తారు. స్వరూప ఒక్కసారి చదివింది. చీమల కథ. నాలుగుసార్లు తీసి, అందులో మంచిదనుకున్నది పంపింది. ఆ తర్వాత గ్రూపే బంద్ అయిందని రుచిత చెప్పింది.

అప్పటి నుంచి శనివారం సాయంత్రం ఇంకో అలవాటు మొదలైంది. ప్రమోదిని వచ్చి, వదినా నువ్వు అంగడికి పో, దీని హోంవర్క్ నేను చూసుకుంట అనేది. రుచిత గుండ్రటి అక్షరాలతో కావలసిన సామాన్ల చీటీ రాసి ఇచ్చేది. అంగడి నడుమ నిలబడి, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి ఆ చీటీ చదువుకోవడం స్వరూపకు పండుగలా ఉండేది. బెండకాయల ముసలమ్మకు చూపించి, నా బిడ్డ రాసిందని చెప్పేది. ఒక్క చీటీ పారెయ్యలేదు. అన్నీ పప్పుల అర మీద పాత బిస్కెట్ డబ్బాలో దాచింది.

ఆ గురువారం పది గంటలకు జొన్నలు పట్టించడానికి పిండి గిర్నికి పోయింది. రుచితతో చదివే పిల్ల తల్లి ముత్యం అక్కడే ఉంది. ఆమె నోటికి ఉప్పూ కారం రెండూ ఎక్కువే.

"ఏమక్కా, నీ బిడ్డకు ఇద్దరమ్మలాయె. మాకు చెప్పకనే పెంచుకునుడు ఇచ్చినవా?" అని నవ్వుతూ ఫోన్ ముందుకు చాపింది.

వీడియోలో తన ఇల్లే. తాను కుట్టిన ఎర్ర పువ్వుల దుప్పటి పరిచిన మంచం. మంచం మీద రుచిత, పక్కన ప్రమోదిని. రుచిత ఫోన్ వైపు చూసి, తడబడకుండా చెప్పింది. "నా పేరు రుచిత. ఇప్పుడు మా అమ్మ కథ చదువుతది."

ప్రమోదిని చదివింది. రేడియోలో చదివినట్టు, ఎక్కడా ఆగకుండా. కథ చివరికి వచ్చేసరికి తలుపు చప్పుడైంది. వెనక నుంచి ఒక గొంతు. "రుచితా, తలుపు తియ్ బిడ్డా. చేతులు ఖాళీగ లెవ్వు." రుచిత కళ్ళు బెదిరాయి. వీడియో ఆగిపోయింది.

ఆ గొంతు తనదే. రెండు చేతుల్లో రెండు సంచులు మోస్తూ బయట నిలబడిన తన గొంతు.

గ్రూపు బంద్ కాలేదు. వీడియోలు ఆగలేదు. ముత్యం గ్రూపులో వేలితో పైకి జరుపుతూ పోయింది. వారానికొకటి. ప్రతి దాని కింద రుచిత, అమ్మ అని రాసి ఉంది. స్వరూప ఇంటి దారి పట్టింది. సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, పిండి గిర్నిలోనే మరిచిపోయిందని. వెనక్కి పోలేదు.

సాయంత్రం నాలుగున్నరకు రుచిత బడి నుంచి వచ్చేసరికి కరుణాకర్ నిద్ర లేచి చాయ తాగుతున్నాడు. ప్రమోదిని బట్టలు మడతపెడుతోంది. స్వరూప బిడ్డ కాళ్ళు కడిగించి, అటుకులు పెట్టి, తినేదాకా ఆగి, కాగితం, పెన్ను ముందు పెట్టింది.

"శనివారం చీటీ రాయి."

"ఇయ్యాల గురువారమే కదమ్మా."

"రాయి బిడ్డా. ఈసారి నేను ఎంతసేపు బయట ఉండాలె? గంటనా, గంటన్నరనా? దాన్ని బట్టి రాయి."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ప్రమోదిని చేతిలో చొక్కా సగం మడతలోనే ఉండిపోయింది.

స్వరూప డబ్బా తెచ్చి చాప మీద కుమ్మరించింది. పదకొండు చీటీలు. అందులోంచి ఒకటి ఏరి, వేలు పెట్టి చదివింది. "కుంకుడుకాయలు. మన ఇంట్ల ఎవరు వాడుతరు ఇవి? నాలుగు దుకాణాలు తిరిగిన. కాళ్ళు గుంజినా తిరిగిన, నా బిడ్డ రాసిందని." ఇంకొకటి తీసింది. చదవలేక కింద పెట్టింది.

కరుణాకర్ గ్లాసు పక్కన పెట్టి, చిన్న ముచ్చటను ఇంత పెద్దగ చెయ్యకు అన్నాడు. పోరి బడిలో పరేషాన్ అవుతుంటే ప్రమోదిని సాయం చేసింది, అంతే కదా అన్నాడు. స్వరూప అతని వైపు చూసింది.

"అంటే నీకు గూడ ఎరుకే."

అతను గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అందులో చాయ లేదు.

జరిగింది ప్రమోదిని చెప్పింది, తల ఎత్తకుండా. జూన్‌లో ఆ చీమల కథ బోర్డు మీద వేసిన రోజు వంగిన వేలు చెయ్యంత పెద్దగా కనబడిందట. అది ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగుతుంటే పిల్లలు నవ్వారట. మరునాటి నుంచి రుచిత కనబడితే చాలు, వేలు వంచి గాలిలో జరపడం, వేలు వచ్చింది వేలు వచ్చింది అనడం. రెండు రోజులు డబ్బాలో అన్నం తినకుండా తెచ్చిందట. అప్పుడు ప్రమోదినే టీచర్‌కు ఫోన్ చేసి, రుచిత అమ్మ నంబర్ మారింది, ఇది పెట్టుకోండి అని తన నంబర్ ఇచ్చింది.

"నాకు గూడ మంచిగనిపించింది వదినా," అన్నది ప్రమోదిని చివరికి. "రెండుసార్లు పరీక్ష రాసిన, ఉద్యోగం రాలే. టీచర్ మెసేజ్ పెడతది, మీరు ఎంత మంచిగ చదివిండ్రు అని. ఇగ ఆపబుద్ధి కాలే."

స్వరూప ఆ మాటకు కోపగించుకోలేకపోయింది. అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. ఒక్కటే అడిగింది. "మరి మొదటి వీడియోల చదివింది ఎవరని చెప్పిండ్రు టీచర్‌కు?"

రుచిత ముందున్న కాగితం అంచు మడుస్తూ చెప్పింది.

"పక్కింటి ఆంటీ అని చెప్పిన."

ఆడబిడ్డ చేసింది ఒకటి, మొగుడు దాచింది ఒకటి. ఈ మాట వేరు. కొట్టాలనిపించలేదు. తిట్టాలనిపించలేదు. బిడ్డ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"సిగ్గయిందా బిడ్డా, నేనంటే?"

రుచిత అబద్ధం చెప్పలేదు. తల ఊపింది.

"గప్పుడే నాకు చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు ఏడుస్తవని."

"ఇప్పుడు ఏడుస్తలేనా?" అన్నది స్వరూప. అన్నాక చెంప తడుముకుంటే నిజంగానే తడి ఉంది.

శుక్రవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బడికి బయలుదేరింది. గేటు దగ్గర కాళ్ళు ఆగాయి. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాల సంచి భుజాన వేసుకొని బయటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎవరైనా ఏం పని అని అడిగితే ఏం చెప్పాలో లోపల రెండుసార్లు అనుకొని లోపలికి నడిచింది.

సృజన టీచర్ వయసులో చిన్నదే. స్వరూపను చూసి గుర్తుపట్టినట్టు నవ్వింది. రుచిత వాళ్ళ పక్కింటివారు కదా, కూర్చోండి అన్నది.

"నేను రుచిత అమ్మను మేడం."

అంతకన్నా ఎక్కువ చెప్పాలనుకుంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆ ఒక్క మాటతోనే టీచర్ ముఖం మారిపోయింది. నెమ్మదిగా చెప్పింది, తప్పు తనది కూడా ఉందని. పిల్లలు నవ్విన రోజు బోర్డు ఆపేసి లెక్కల పాఠం మొదలుపెట్టిందట. ఆగి, ఎందుకు నవ్వుతున్నారని అడగవలసింది, అడగలేదట. నంబర్ మారిందంటే కూడా ఒక్కసారి ఇంటికి వచ్చి చూడలేదట.

"ఇంకొకటి చెప్పాలె మీకు. రాండ్రి," అని క్లాసు గదికి తీసుకుపోయింది.

ఇంటర్వెల్ కావడంతో గది ఖాళీగా ఉంది. బోర్డు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు మాత్రం ఉన్నారు. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెలుగు ఇప్పుడిప్పుడే పడుతోంది అన్నది టీచర్. మిగతా తల్లులు తండ్రులు గడగడ చదివేస్తారు, ఎక్కడ చదువుతున్నారో వీళ్ళకు అందదు. అందుకే బోర్డు మీద నడుస్తున్న ఈ చీమల కథ వీడియో ఒక్కటి ఉంచింది, పుస్తకమూ వేలూ మాత్రమే కనబడేలా కత్తిరించి. రోజూ ఇంటర్వెల్‌లో ఇదే కావాలంటారట.

స్వరూప తన వేలును అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. పక్కన గట్టిపడిన చర్మం, వంగిన కొన, గోరు కింద పసుపు. సిగ్గుపడవలసింది ఏముందా అని వెతికింది. వేలు 'చీ' దగ్గర ఆగింది, 'మ' దగ్గరకు జరిగింది. ఇద్దరు పిల్లలూ తమ వేళ్ళు బోర్డు మీద ఆనించి, దాని వెంట నడిచారు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో రుచిత, చేతిలో నీళ్ల సీసాతో. ఎప్పుడు వచ్చిందో తెలియదు. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు.

నంబర్ ఇప్పుడే మారుస్తానన్నది టీచర్. స్వరూప వద్దన్నది. "నా నంబర్ ఎవరు తీపిచ్చిండ్రో వాళ్ళే వచ్చి అడుగుతరు మేడం. అడుగకపోతే ఉండనియ్యుండ్రి," అన్నది గుమ్మం దాకా వినబడేలా. బిడ్డ తల మీద చెయ్యి పెట్టకుండానే పక్క నుంచి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోవడం ఆమెకు అదే మొదటిసారి. ఇంటి దాకా ఆ చెయ్యి బరువుగా ఉంది.

శనివారం సాయంత్రం కరుణాకర్, ప్రమోదిని ఇద్దరూ ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఇంట్లో తిరుగుతున్నారు. స్వరూప రెండు సంచులు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. ఒక చీటీ ఇచ్చింది. వంకరటింకర అక్షరాలు, తానే రాసింది.

"అన్నాచెల్లెండ్లు ఇద్దరు పోయి రాండ్రి. చీటీ జర పెద్దగనే ఉన్నది."

ప్రమోదిని చదువుకుంటూ చివరి మాట దగ్గర ఆగింది. కుంకుడుకాయలు. చీటీ మడిచి, సంచి భుజాన వేసుకుంది. కరుణాకర్ చెప్పులు వేసుకుంటూ, ఇవి ఏ దుకాణంలో దొరుకుతాయి అని అడగబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

వాళ్ళు పోయాక రుచిత వచ్చి తల్లి ముందు నిలబడింది. నిన్న సాయంత్రం బడి వదిలాక టీచర్‌కు నీ నంబర్ చెప్పిన అన్నది. స్వరూప ఫోన్ తీసి చూసింది. గ్రూపు పేరు కనబడుతోంది.

"పక్కింటి ఆంటీ ముచ్చట?"

"గది గూడ చెప్పిన. ఇయ్యాల పొద్దుగాల, అందరి ముందట."

"నవ్విండ్రా?"

"ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు," అన్నది రుచిత. ఆగి, "నవ్వనియ్యి," అన్నది.

ఎర్ర పువ్వుల దుప్పటి మీద ఇద్దరూ కూర్చున్నారు. రుచిత ఫోన్‌ను బిస్కెట్ డబ్బాకు ఆనించి నిలబెట్టింది. పుస్తకం తల్లి ఒడిలో పెట్టింది. "నా పేరు రుచిత. ఇప్పుడు మా అమ్మ కథ చదువుతది."

ముత్యం ఫోన్‌లో విన్న అవే మాటలు. అదే గొంతు. స్వరూప చెయ్యి పుస్తకం మీదికి పోలేదు. వేలు ముడుచుకొని పిడికిలిలోనే ఉండిపోయింది. ఫోన్ నడుస్తూనే ఉంది. రుచిత ఆ పిడికిలి అందుకొని, ఒక్కొక్క వేలూ విప్పి, చూపుడువేలును తీసుకుపోయి మొదటి అక్షరం కింద పెట్టింది. దాని పక్కన తన చిన్న వేలు ఆనించింది.

స్వరూప చదవడం మొదలుపెట్టింది. ఒకచోట వరస తప్పితే రుచిత వేలు ముందు నడిచి దారి చూపింది.

ఇంకా సగం పేజీ ఉందనగా తలుపు చప్పుడైంది. బయట కరుణాకర్ గొంతు. చేతులు ఖాళీగా లేవు, తలుపు తియ్యమంటున్నాడు. రుచిత చెయ్యి అలవాటు కొద్దీ వీడియో ఆపడానికి ఫోన్ వైపు పోయింది. స్వరూప ఆ చెయ్యి పట్టుకొని మళ్ళీ పుస్తకం మీద పెట్టింది.

"ఆపకు. జరసేపు బయటనే ఉండనియ్యి వాళ్ళను."

కథ అయిపోయేదాకా చదివింది. నెమ్మదిగా, ప్రతి అక్షరం దగ్గరా ఆగుతూ.