సంగటికి దారి విడిచిన గీత

“మీ మిషన్ గీసిన గీత శానా అందంగా ఉండాది, ఇంజినీరు గారూ. పేషెంటు మాత్రం జన్మలో సంగటి ముద్ద మింగలేడు.”

తిరుపతిలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ భానుప్రియ మునీంద్రతో అన్న మొదటి మాట ఇది. స్కానులో కణితి ఎంతవరకు ఉందో చూసి దాని చుట్టూ హద్దు గీయడం ఆమె పని. రేడియేషన్ ఆ హద్దును బట్టే పడుతుంది. ఆమెకు గంటన్నర పట్టే పనిని రెండు నిమిషాల్లో ముగించే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పేడులోని ఇంజినీరింగ్ సంస్థ నుంచి వచ్చాడు మునీంద్ర. ప్రశంస కోసం వచ్చినవాడికి సంగటి ఎదురైంది.

“సంగటికీ దీనికీ సంబంధం ఏమిటండీ?”

“ఇదో, ఈడ లాలాజలం ఊరే గ్రంథి ఉండాది. మీ గీత దీన్ని గూడా కలిపేసుకునింది. ఇది కాలిపోతే నోరు ఎండిపోతాది. ఆయప్పది పూతలపట్టు. రెండు పూటలా రాగి సంగటే.”

“ఆయన ఏం తింటాడో మీకెలా తెలుసు?”

“అడిగినాను. మీ మిషన్ అడిగిందా?”

అడగలేదు. గీసే ముందు ప్రతి రోగినీ “ఏం తింటారు?” అని అడిగి, ఆ జవాబును ఫైలు మూలన రాసుకోవడం నగరి నేతగాళ్ల ఇంట పుట్టిన ఆ డాక్టరు పద్ధతి. ఏ పాఠ్యగ్రంథమూ దాన్ని నేర్పలేదు.

ఆరు నెలల పాటు మునీంద్ర ఆమె కుర్చీ వెనుక స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె దిద్దిన గీతలను యంత్రానికి నేర్పడం అతని విధి. యంత్రం కొంత నేర్చుకుంది. అతడు అవసరానికి మించి నేర్చుకున్నాడు. అనుమానం వస్తే ఆమె పెన్ను చివర కొరుకుతుంది. నిశ్చయం కుదిరితే చెప్పులు విడుస్తుంది. వాన పడితే కొండ కనుమరుగయ్యేదాకా కిటికీ వదలదు. ఇది ప్రేమా, ఒకే మనిషిని అదేపనిగా చూడటం వల్ల కలిగిన భ్రమా అని అతడు రోజూ తన్ను తాను ప్రశ్నించుకునేవాడు. ఇంతలో ఆమె వచ్చి కూర్చునేది. విచారణ వాయిదా పడేది.

చివరికి పరీక్ష రోజు వచ్చింది. ఆమె పాత రోగుల స్కానులు ఇరవై, పేర్లు తీసేసినవి. ప్రతిదానికీ రెండు గీతలు: ఒకటి యంత్రానిది, ఒకటి వేరే డాక్టరుది. ఏది ఎవరిదో తెలియకుండా భానుప్రియ మెరుగైనదాన్ని ఎంచాలి. యంత్రం పదకొండింట నెగ్గితే ఆసుపత్రి దాన్ని వాడుకలోకి తీసుకుంటుంది. మునీంద్ర రెండేళ్ల శ్రమ ఫలిస్తుంది.

పదిహేడో స్కాను దగ్గర ఆమె చెప్పులు విడిచింది.

“అబ్బా! గ్రంథిని ఎట్లా తప్పించి పోయినాడో సూడండి. ఇది మిషన్ పని కాదు. ఈ డాక్టరెవరో నేను కలవాల.”

ఇరవయ్యీ ముగిశాక టెక్నీషియన్ లోకేష్ జాబితా విప్పాడు. “మేడం, ఆ పదిహేడోది మిషన్‌దే! మొత్తం పదకొండు. నెగ్గేసింది.”

భానుప్రియ కాసేపు పెన్ను కొరికింది. “సరే, ఓడిపోయినాను. కాగితం ఇయ్యండి, సంతకం పెడతా.”

మునీంద్ర కాగితం ఇవ్వలేదు. మౌనం అబద్ధమవుతుందా అన్న ప్రశ్న మీద హాస్టల్లో అతడు ఎంతో ఆనందంగా వాదించేవాడు. ఇప్పుడు ఆ ప్రశ్నలో ఆనందమేమీ కనిపించలేదు.

“పదిహేడోది నేను గీశాను.”

లోకేష్‌కు హఠాత్తుగా బయట పని గుర్తొచ్చింది.

“స్కానులు సర్దుతుంటే చూశాను, మిషన్ గ్రంథి మీదుగా గీసింది. ఫైలు మూలన మీ అక్షరాల్లో ‘సంగటి’ అని ఉంది. చేయి ఆగలేదు.”

“అంటే పరీక్షలో కాపీ కొట్టినారు.”

“కొట్టాను. దాన్ని తీసేస్తే పదే. మిషన్ ఓడిపోయింది.”

“ఆ పేషెంటుకు వైద్యం అయి మూడేండ్లయింది. ఇప్పుడు ఎవరి సంగటి కాపాడినట్టు?”

“ఎవరిదీ కాదు. ఆ గీత చూస్తే మీరు బాధపడతారని...”

మాట బయటపడ్డాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. ఆరు నెలల ఆత్మవిచారణ ఇవ్వని జవాబును నోరు ముందూ వెనకా చూడకుండా ఇచ్చేసింది. బయట వాన మొదలైంది. ఆమె కిటికీ వైపు చూడలేదు.

“పరీక్ష రద్దు,” అంది. “ఎందుకో కమిటీకి మీరే రాసి ఇయ్యాల. వాళ్లు ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు. అదే స్టూలు.”

“సరేనండి.”

ఆమె కొత్త ఫైలు తెరిచి పెన్ను మూత తీసింది. “ఏం తింటారు?”

రోగి ఎవరైనా వచ్చాడేమోనని మునీంద్ర వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

“మిమ్మల్నే.”

“అన్నం, ఊరగాయ. మాది గూడూరు, నిమ్మకాయల వ్యాపారం.” ఇక దాచేదేముందని, “సంగటి ఇంతవరకు రుచి చూడలేదండి,” అన్నాడు.

“రుచి చూడకుండానే దానికోసం పరీక్ష పోగొట్టుకున్నారా?”

“అవును.”

“ఆదివారం నగరికి రాండి. అమ్మ చేస్తాది. మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడుగుతాడు. ఈ కాపీ సంగతి గూడా చెప్పాల. ఆయన నేసిన అంచు మాత్రం దిద్దబాకండి.”

నవ్వు దాచుకుంటూ ఆమె ఫైలు మూలన రాసింది: సంగటి నేర్పాలి.