నిలువుదోపిడి తప్పించుకున్న గడియారం

చంద్రగిరి కోట వెనక వీధిలో చంద్రకాంతమ్మ ఇల్లు చాలా పెద్దది. ఉండేది మాత్రం ఆవిడొక్కతే. పిల్లల్లేరు. మొగుడు రఘునాథ్ పోయినప్పటి నుంచి తనొక్కదాని కోసం పొయ్యి వెలిగించాలంటే విసుగు. పొద్దున వండిందే రాత్రికీ తినేది. టీవీ పెట్టుకునేది, చూడ్డానికి కాదు, ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని.

రఘునాథ్‌కు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. మంచి మనిషే, పిచ్చి ఒక్కటే, గడియారాలు. ఉన్న మామిడితోట అమ్మేసి మద్రాసులో ఒక పాత స్విస్ గడియారం కొన్నాడు. "చెట్టి తోటను చేతికి కట్టుకున్నాడ్రా" అని ఊరంతా నవ్వింది. నవ్వరా మరి! కానీ ఆ గడియారానికి తెలియనిది లేదు. తేదీ, వారం, లీపు సంవత్సరం, ఆకాశంలో చంద్రుడు ఎంత పెరిగాడో ఎంత తరిగాడో, అన్నీ తెలుసు. పక్కనున్న చిన్న మీట లాగితే లోపల సన్నటి గంటలు మోగి వేళ చెబుతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఆయన చీకట్లో మీట లాగి, "చంద్రా, ఎంతయిందో చెప్పు సూద్దాం" అనేవాడు. ఈవిడ ఎప్పుడూ తప్పే చెప్పేది. ఆయన నశ్యం పీల్చి పకపకా నవ్వేవాడు.

ఇప్పుడా గడియారం వేలానికి పోతోంది. ఇంత ఖరీదైన వస్తువు పెట్టుకుని ఒంటరి ఆడది ఎలా ఉంటుందని బంధువులు పోరుపెడితే సరేనంది. వేలం కంపెనీ మనిషి హరినాథ్ మర్నాడు చెన్నై నుంచి వచ్చి తీసుకెళ్తాడు. "కీ మాత్రం ఇవ్వకండమ్మా. ఆగినది ఆగినట్టే ఉండనీయండి" అని ఫోన్లో మరీమరీ చెప్పాడు. ఆవిడెందుకిస్తుంది? ఆయన పోయిన రోజు నుంచి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. టీవీ ఠక్కున ఆగేసరికి ఇల్లంతా బావిలా అయిపోయింది. పెరట్లో రేకు మీద చినుకుల చప్పుడు, కిటికీలోంచి తడిమట్టి వాసన. చంద్రకాంతమ్మ అగ్గిపెట్టె వెతుక్కోబుద్ధి కాక మంచం మీద అలాగే కూర్చుంది.

బీరువాలో గంట మోగింది.

సన్నగా. నెమ్మదిగా. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

ఆవిడ ఊపిరి బిగబట్టింది. కీ ఇవ్వని గడియారం. మీట లాగితే గానీ మోగని గడియారం. బీరువా తాళంచెవి తన బొడ్లోనే ఉంది.

గంటలు ఆగాయి. గదిలో నశ్యం వాసన గుప్పుమంది. మంచం అవతలి వైపు పరుపు... మెల్లగా... కుంగింది.

"చంద్రా..."

ఆవిడ కదల్లేదు. ఒళ్ళంతా చల్లబడింది. అయినా, అయ్యో, ఆ పిలుపు! ఎన్నాళ్ళయింది ఎవరైనా తనను అలా పిలిచి!

"ఇచ్చెయ్... కొండకిచ్చెయ్..."

కరెంటొచ్చింది. పక్కన ఎవరూ లేరు. పరుపు మీద మాత్రం మనిషి కూర్చుని లేచినంత గుంట ఉంది.

మునికుమార్‌కు ఫోన్ చేసింది. రఘునాథ్ కారు ఏళ్ళ తరబడి తోలినవాడు.

"మునీ, గడియారానికీ కొండకూ ఏం సంబంధమబ్బా?"



"నీకు వేలూరులో ఆపరేషన్ అయినప్పుడు అయ్య నిలువుదోపిడి మొక్కుకున్నాడమ్మా. నువ్వు బతికితే ఒంటిమీద ఉండేదంతా హుండీలో ఏస్తానని. నువ్వు లేచి తిరిగినాక నేనే కొండకు తీసుకపోయినా. గొలుసు, ఉంగరాలు, వెండి మొలతాడు, అన్నీ ఏసేసినాడు. గడియారం మాత్రం గుడిలోకి పోకముందే కారులో ఇప్పి నా చేతికిచ్చినాడు. 'గడియారం నగ కాదులే మునీ' అన్నాడు. వద్దయ్యా అంటే నవ్వినాడు. ఆ యేడే కదమ్మా అయ్య పోయింది..."

"మొక్కు నా పానానికి కదా?"

"నీ పానానికేనమ్మా. తీరని మొక్కు వడ్డీతో కూడా కూడుకుంటా ఉంటాదంటారు. వేలమూ వద్దు, పాడూ వద్దు. పొద్దున్నే కారు తెస్తా."

మర్నాడు హరినాథ్ ఫోన్ చేసి ఎంత అరిచినా ఆవిడ వినిపించుకోలేదు. గడియారాన్ని పసుపుగుడ్డలో ముడుపు కట్టి కొండెక్కింది.

క్యూలో ఎంతమంది! ఒకరి మీద ఒకరు పడుతున్నారు. గోవిందా గోవిందా అని ఒకటే హోరు. అంత జనంలోనూ చంద్రకాంతమ్మకు తోడెవరూ లేరు. ఆయన తన కోసమే వచ్చాడు. తను చావకూడదని చెప్పడానికే వచ్చాడు. ఆ మాట తలుచుకుంటే కళ్ళు నిండుతున్నాయి. ఇది ఇచ్చేస్తే తను బతుకుతుంది. మరి ఆయన? ఇక ఎందుకొస్తాడు? మళ్ళీ ఆ ఇల్లు, ఆ టీవీ, పొద్దుటి అన్నం.

హుండీ ముందుకు వచ్చేసరికి ముడి తనంతట తానే వదులైనట్టు వేళ్ళకు తగిలింది. నిజానికి విప్పింది ఆవిడే. గడియారం పిడికిట్లోకి జారింది. వెనకనుంచి "జరగండమ్మా, జరగండి" అని తోశారు. ఆవిడ పసుపుగుడ్డను లోపలికి వదిలింది. ఉత్త గుడ్డను.

"గడియారం నగ కాదులే సామీ" అంది పైకే.

ఇల్లు చేరేసరికి మసక చీకటి పడుతోంది. "ఏసినావా అమ్మా?" అని అడిగాడు మునికుమార్. వేశానంది. వాడు దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, దాచుకున్న నగలు పెట్టుకుని, పక్క దులిపి రెండు దిండ్లు వేసింది. గడియారం తన దిండు కింద పెట్టుకుంది. కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసింది, పిచ్చి మనిషి.

పోయింది.

గంట మోగింది.

"వచ్చినావా?" అంది చంద్రకాంతమ్మ, పెళ్ళికూతురంత సిగ్గుగా.



నశ్యం వాసన కోసం గట్టిగా పీల్చింది. లేదు... ఏ వాసనా లేదు. వాన కూడా లేదు. పక్కన పరుపు కుంగింది. ఈసారి చాలా లోతుగా. పరుపు వాలుకు ఆవిడ ఒళ్ళు అటువైపు జారింది.

"ఏమండీ..."

చల్లటి వేళ్ళు మణికట్టు మీద పాకాయి. ఆ తర్వాత చెవుల మీద. తర్వాత మెడ మీద. నిదానంగా, ఏ తొందరా లేకుండా.

కరెంటొచ్చింది.

ఆయన దిండు మీద ఆవిడ గాజులున్నాయి. కమ్మలు, గొలుసు, కాలిపట్టీలు వరసగా పేర్చి ఉన్నాయి. చివర్న ముక్కుపుడక. ఆయన పోయినప్పుడు ఆడవాళ్ళంతా కలిసి లాగినా ఆ పుడక రాలేదు. మర పట్టేసింది, కోస్తే తప్ప రాదని కంసాలే చేతులెత్తేశాడు. ఇప్పుడది దిండు మీద మెరుస్తోంది. మర బిగించింది బిగించినట్టే ఉంది.

చంద్రకాంతమ్మ ముక్కు తడుముకుంది. నొప్పి లేదు. నెత్తురు లేదు. వేలికి పుడక కన్నం కూడా తగల్లేదు.

ఒంటిమీద తీయడానికి ఇంకేమీ మిగల్లేదు.

దిండు కింద గంట మళ్ళీ మోగడం మొదలుపెట్టింది...