ఒక్క ముద్దేగా!

"గొట్టమా! ముక్కులోంచా! నా కోడలికా!" అంటూ గరిటమ్మ గడపలోనే చతికిలబడిపోయింది.

ఆసుపత్రికి వెళ్లినవాళ్లు అప్పుడే తిరిగొచ్చారు. కోడలు చెప్పులైనా విడవకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సరాసరి పెరట్లోని తొట్టి దగ్గరికి పరుగెత్తింది. ఆ వాంతి చప్పుడు వింటుంటే ఇంట్లో ఎవరికీ ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. పదకొండు నెలలుగా రోజూ ఇదే వరస! మొదట్లో ఆ వికారం చూసి శుభవార్తేననుకుని అందరూ మురిసిపోయారు. ఆడపడుచు అయితే ఉన్ని కొని బుల్లి మేజోళ్లు అల్లడం కూడా మొదలెట్టింది. అదేం కాదని తేలాక ఆ మేజోళ్లు ఎక్కడ దాచిందో పాపం, ఎవరూ అడగలేదు. తర్వాత పైత్యమన్నారు, అజీర్తి అన్నారు, కళ్లజోళ్ల దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు చూసీ చూసీ తల తిరుగుతోందన్నారు. ఆ పిల్ల పని అక్కడే మరి! గాజు బిళ్లల అంచులు సానపట్టి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ వేళ్లు ఇట్టే పట్టేస్తాయి. అలాంటిది పని మధ్యలో లేచి పరుగెత్తాల్సి వస్తుంటే ఎంత సిగ్గుపడేదో! అయినా ఒక్కపూట మానలేదు, ఒక్కరి మీద విసుక్కోలేదు. అంత ఓర్పు ఆ చిన్న ఒంట్లో ఎక్కడ పట్టిందో!

చివరికి ఒక డాక్టరమ్మ అసలు సంగతి పట్టుకుంది. "నీ పొట్ట బాగా నెమ్మదమ్మా. తిన్నది కిందికి దిగకముందే మళ్లీ పడుతోంది, అందుకే తిప్పేస్తోంది," అని మాత్రలు రాసిచ్చింది. రోజుకు ఆరుసార్లు, ప్రతిసారీ ఒక చిన్న గిన్నెడు మెత్తటి తిండి. నూనె తక్కువ. తినగానే పడుకోకుండా కాసేపు నడవాలి. అంతే! ఇంత సులువా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ నెల తిరిగేసరికి వికారం ఇసుమంతైనా తగ్గకపోగా, బరువు రెండు కిలోలు పడిపోయింది. "వచ్చే సోమవారానికి ఇంకా తగ్గితే మాత్రం ఆసుపత్రిలో చేర్చి తిండికి గొట్టం వేయక తప్పదు," అని ఇవాళ తేల్చి చెప్పేసింది.

గరిటమ్మ దుఃఖం అంతా ఇంతా కాదు. మొన్నమొన్నటిదాకా మిల్లు క్యాంటీనులో ముప్ఫై ఏళ్లపాటు రెండొందల మందికి వండి వడ్డించిన మనిషి ఆవిడ. అసలు పేరు ఆవిడకే గుర్తులేదేమో! ఖాళీ కంచం కనిపిస్తే చాలు, ఆ చెయ్యి దానంతటదే కుండలోకి పోతుంది.

"రెండొందల మందికి అరిగిన వంట నా ఇంటిపిల్లకి అరగట్లేదా! నా చేతిలోనే ఏదో దోషముంది..." అని చేతుల్లో మొహం దాచుకుంది.

"నీ వంటకేం కాలేదులే అమ్మా," అంది ఆడపడుచు. పక్కవీధిలో ఇస్త్రీ దుకాణం ఆవిడది. మాట కూడా ఇస్త్రీపెట్టెంత వేడి. "పథ్యం సరిగ్గా చేస్తే తగ్గకపోవడమేంటి? ఆ మాత్రలు మింగుతోందో, కిటికీలోంచి గిరవాటేస్తోందో!"

"అక్కా, ఊరుకో!" అన్నాడు భర్త. బస్సు నడిపే మనిషి. రోజంతా హారన్ల మోత వినీ వినీ ఇంట్లో నోరు విప్పడమే తక్కువ.

తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న కోడలికి ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. కళ్లలో నీళ్లు... వాంతికి వచ్చినవో, ఆ నిందకి వచ్చినవో! ఒక్క మాట చెబితే ఆ నింద తీరిపోతుంది. కానీ చెబితే ఈ నలుగురి మనసులూ ఏమైపోవాలి? పెదవి కొరుక్కుని లోపలికొచ్చింది.

మామగారు గబగబా కుర్చీ జరిపారు. నిన్నమొన్నటిదాకా క్షౌరశాల నడిపిన మనిషి, మహా మెతక. "నోరు చేదుగా ఉంటుందమ్మా. ఇదిగో, సగం అరటిపండు తిను. ఒక్క ముద్దేగా!" అంటూ జేబులోంచి పండు తీశారు.

కోడలు చెయ్యి చాపింది...

"ఆగు!" అంది గరిటమ్మ, ఉన్నపళంగా లేచి. "ఏమండీ, ఈ పండు ఇవాళేనా, రోజూనా?"

మామగారు నీళ్లు నమిలారు. "రోజూనే... సగమేగా! నువ్వు పెట్టే గిన్నె మరీ బుల్లిదని..."

గరిటమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. వంటింట్లోకెళ్లి కడిగిన ఖాళీ తప్పేలా ఒకటి, అప్పుడే వార్చిన అన్నమూ తెచ్చి బల్లమీద పెట్టింది. "నిన్న పొద్దుట్నుంచి ఎవరెవరు ఈ పిల్లకి గిన్నె కాకుండా ఏమేం పెట్టారో, అంతంత అన్నం ఇందులో వెయ్యండి. అబద్ధమాడారో, నా చేత్తో మళ్లీ నీళ్లు కూడా ఇవ్వను!"

మామగారు సగం పండంత వేశారు. భర్త తల వంచుకుని ముందుకొచ్చాడు. "డ్యూటీకి పోయేముందు నేనొక్కణ్నే తినలేక... గ్లాసుడు పాలు, రెండు రొట్టెముక్కలు..." అని వేశాడు.

"నా వైపు చూస్తావేంటే అమ్మా? నాది వేలెడంత కేకు ముక్క, అదీ ఒక లెక్కేనా!"

"వేలెడంతే వెయ్యి."

ఆడపడుచు వేసింది. గరిటమ్మ చూపు తిప్పలేదు. "సరేలే... సాయంత్రం ఇంకో రెండు వేళ్లు," అని గొణుక్కుంటూ మళ్లీ వేసింది.

ఇక అయిపోయిందనుకున్నారంతా. అప్పుడు గరిటమ్మ తన గరిటె అందుకుంది. "ఆ చిన్న గిన్నె చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. డాక్టరమ్మ చూడొచ్చిందా ఏమిటని ప్రతిసారీ ఒక గరిటె కలిపాను. ఆరుసార్లూ!" అంటూ ఒకటి, రెండు, మూడు... ఆరో గరిటెకి తప్పేలా నిండి అన్నం బల్లమీదికి జారింది. "అయ్యో! మూటలు మోసేవాడికి కూడా నేనింత పెట్టలేదే! పెట్టిందంతా తిని, కక్కి, మళ్లీ మన కోసం తిన్నావా తల్లీ! ఒక్కసారైనా వద్దనలేదేమే?"

కోడలు ఇక ఆపుకోలేకపోయింది. "నేను పెరిగింది అనాథాశ్రమంలో కదత్తయ్యా! గంట కొడితే కూర్చోవాలి, గంట కొడితే లేవాలి. ఇంకొంచెం తినమ్మా అని పద్దెనిమిదేళ్లలో ఒక్కరూ అనలేదు... ఇక్కడ మీరంతా ఒక్క ముద్దేగా, ఒక్క ముద్దేగా అంటుంటే, ఆ మాట కోసమే తినేదాన్ని. వద్దంటే మళ్లీ అనరేమోనని భయం..."

అంత నోరున్న ఆడపడుచే ముందుగా లేచి, బల్లమీది మెతుకులు ఏరుతూ వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంత నోరు పెట్టుకుని నీకు వద్దనడమైనా నేర్పలేకపోయానే! పైగా నిన్నే అన్నానే!"

గరిటమ్మ కోడలి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "పిచ్చిదానా! నువ్వు వద్దంటే అడగడం మానేస్తాననుకున్నావా? పూటపూటా అడుగుతాను. నువ్వు పూటపూటా వద్దని చెప్పు. నీ వద్దుకి నాకేం కోపం రాదు. ఇంక మీరంతా వినండి! రేపట్నుంచి ఈ పిల్లకి పెట్టే చెయ్యి ఒక్కటే, నాది. మీకంతగా ప్రేమ పొంగుకొస్తే నడిపించండి, కబుర్లు చెప్పండి!"

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వారం కోడలికంటే అత్తగారికే కష్టమైంది! చిన్న గిన్నె నింపి, గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకొంచెం?" అనేది. "వద్దత్తయ్యా," అనేది కోడలు, మొదట గొణుగుతూ. "వినబడలా! మిల్లులో మోటార్లు తిరుగుతున్నాయనుకుని చెప్పు!" అనేది గరిటమ్మ. అలా అరిచి చెప్పించుకుని, గుండె రాయి చేసుకుని కుండమీద మూత పెట్టేసేది. తిన్నాక మామగారు కోడల్ని వీధి చివరిదాకా నడిపిస్తూ, తాను గొరిగిన తలలన్నిటి కథలూ చెప్పేవారు. భర్త తెల్లారే లేచి మాత్రా నీళ్లూ చేతికందించి, తన పాలు తాను తాగి బుద్ధిగా డ్యూటీకి పోయేవాడు.

సోమవారం బరువు చూశారు. తగ్గలేదు! పైగా ఒక పావుకిలో పెరిగింది కూడా. "గొట్టం మాట ఇప్పటికి మర్చిపోండి," అంది డాక్టరమ్మ. వాంతులు వారానికి రెండయ్యాయి, తర్వాత నెలకొకటి. వికారం పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టరమ్మ కూడా మాటివ్వలేదు. కానీ దుకాణంలో ఆ వేళ్లు మళ్లీ నిలకడగా గాజుబిళ్లలు పట్టుకున్నాయి.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు పనిలోంచి వచ్చి, వంటింటి గుమ్మంలో పొట్ట పట్టుకుని నిలబడిపోయింది. మొహం పాలిపోయింది.

"ఏమైందే? మళ్లీ తిప్పుతోందా?" గరిటమ్మ గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"తిప్పడం కాదత్తయ్యా... లోపల ఏదో ఖాళీగా... లాగుతున్నట్టు... ఇదేం జబ్బో మళ్లీ!"

గరిటమ్మ ఆ మొహంలోకి చూసింది. ముప్ఫై ఏళ్లు మిల్లులో మధ్యాహ్నం గంట కొట్టగానే రెండొందల మొహాల్లో చూసిందే అది... గుర్తుపట్టదూ!

"జబ్బు కాదే నా తల్లీ! ఆకలి! అది ఆకలే!" అని ఇల్లదిరిపోయేలా అరిచింది. నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "ఏమండీ! అమ్మాయికి ఆకలేస్తోందండీ!" అని వీధిలోకి కేకేసింది.

చిన్న గిన్నె నింపి కోడలి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో గట్టిగా కలిపి పట్టుకుంది.

"తిను తల్లీ... నెమ్మదిగా. తొందరేం లేదు."