కత్తెర మాస్టారి సలహాలు

నెలకో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి ఫొటోల క్లబ్బు కూర్చునేది. సైకిళ్ల షాపు కింద నేలమాళిగ గది. కిటికీలు లేవు కాబట్టి పట్టపగలే చీకటి దొరుకుతుందని దాన్ని ఎంచుకున్నారు. పైనుంచి టైర్ల వాసన, గోడల్లోంచి చెమ్మ వాసన. వరసగా ఐదు మడత కుర్చీలు, ఎదురుగా తెల్ల తెర, వెనకాల తలుపు. గాలి కోసం ఆ తలుపు ఓరగా వదిలేవారు.

క్లబ్బుకి పెద్ద కత్తెర మాస్టారు. రిటైరైన డ్రాయింగు టీచరు. ఏ ఫొటో చూపించినా "ఇక్కడ కొయ్యండి" అంటాడు కనక ఆ పేరు. సొంత మనవడి పుట్టినరోజు ఫొటోలోంచి వియ్యంకుణ్ణి కోయించి, ఆర్నెల్లు మాటల్లేకుండా గడిపిన ఘనుడు. ఆయన పెట్టిన పద్ధతి ఇదీ: ఫొటో ఎవరు తీశారో ముందు చెప్పకూడదు. ముగ్గురు అభిప్రాయం చెబితే గానీ తర్వాతి ఫొటోకి వెళ్లకూడదు. ఇక మెచ్చుకోవడమంటారా, ఆ గదిలో అది ఎవరూ ఎరగరు.

ఆ రోజు మందులమ్మ సంబరంగా ఉంది. మందుల షాపు నడుపుతుంది కాబట్టి క్లబ్బులో ఆమెను అలా పిలుస్తారు. పదకొండేళ్లుగా రమ్మంటే రాని మొగుడు ఆ రోజు వెంట వచ్చాడు. "నన్నొదిలేసి ఇక్కడేం వెలగబెడుతున్నావో చూస్తా" అని వచ్చి, ఆమెకు ఎడమ పక్కన కూర్చుని అప్పుడే ఆవలిస్తున్నాడు. ఆయనకు అవతల, వరసలో ఎడమ చివర పళ్ళ డాక్టరు. ఆమెకు కుడి పక్కన మాస్టారు. ఆ చివర లాప్‌టాప్ పెట్టుకుని ఎలక్ట్రీషియన్.

ఆరు ఫొటోలు మామూలుగానే చీల్చి చెండాడారు. ఏడోది వచ్చింది.

ఓరగా తెరిచిన తలుపు, అవతల పైకి వెళ్లే మెట్లు. పై మెట్టు మీద, షాపు వెలుతురులో, నల్లగా ఒక మనిషి.

"మన మెట్లే కదా ఇవి?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "నేనిది కంప్యూటర్లోకి ఎక్కించినట్టు గుర్తులేదే."

"ఎవరిదైతే ఏంటయ్యా" అన్నాడు మాస్టారు. "మనిషి మరీ దూరం. సగం మెట్లు దిగొచ్చి నిలబడితే ఓ అందం."

"వెనక వెలుతురు కూడా ఎక్కువైంది సార్" అన్నాడు డాక్టరు. "ఆ వెలుతురు లేకపోతే మేలు."

"నాదీ అదే మాట" అంది మందులమ్మ.

తర్వాతి ఫొటో. అవే మెట్లు. వెలుతురు లేదు. మనిషి సగం మెట్లు దిగి ఉన్నాడు.

మందులమ్మ కాళ్ల దగ్గర నేల మీద తలుపు సందులోంచి ఒక వెలుతురు గీత పడుతూ ఉండేది. ఇప్పుడది లేదు. పైన షాపు మూసేశారేమో అనుకుంది. మూడున్నరకే ఎవరు మూస్తారు?

"ఎవరో మన మాట విన్నారు" అని మాస్టారు ముచ్చటపడ్డాడు. "కానీ ఇంకా చాల్లేదు. గది లోపలికి రావాలి. ఆ తలుపు కూడా సగం తెరిచి సగం మూసి... పూర్తిగా మూసేస్తే పీడా పోతుంది."

"మూసేస్తేనే బాగుంటుంది" అన్నాడు డాక్టరు. ఎలక్ట్రీషియన్ "ఊఁ" అన్నాడు.

వెనకాల తలుపు ధడాలున మూసుకుంది.

మొగుడు లేచి వెళ్లి లాగాడు. భుజంతో గుద్దాడు. అరిచాడు. పైన సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడు కూడా లేదు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బిగుసుకుపోయిందండీ" అని సర్దిచెప్పబోయి, తెర చూసి ఆగిపోయింది మందులమ్మ.

తెర మీద ఐదు వీపులు.

తన జడ. మొగుడి బట్టతల. మాస్టారి మఫ్లరు. ఎవరో తలుపుకీ తమకీ మధ్య నిలబడి తీసిన ఫొటో. ఇప్పుడే తీసింది. మొగుడి చొక్కా భుజం మీద తలుపు దుమ్ము కూడా అందులో ఉంది.

ఎవరూ వెనక్కి తిరగలేదు. తడిసి ఆరని గుడ్డ వాసన మెడల మీదికి వచ్చింది.

"ఎవరూ ఏమీ అనకండి" అని గుసగుసలాడింది. "మనం ఏదంటే అది..."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మాస్టారి నోరు ఆయన మాట వినలేదు. "జనం ఎక్కువయ్యారు" అన్నాడు. "ఎడమ చివరి మనిషి అనవసరం. తీసేస్తే..."

చటుక్కున ఒక చప్పుడు. కెమెరా చప్పుడే. ఈసారి ముగ్గురి మాట కోసం ఆగలేదు.

తెర మీద నాలుగు వీపులు.

మొగుడు పక్కకి చెయ్యి చాపాడు. కుర్చీ ఖాళీ. "ఇంకా వెచ్చగానే ఉందే" అన్నాడు.

ఇప్పుడు ఎడమ చివరి మనిషి ఆయనే.

ఆ సంగతి అర్థమయ్యాక మందులమ్మకు ఒక్కటే పట్టుకుంది. ఈ మనిషిని పోనివ్వకూడదు. మాస్టారి మఫ్లరు లాగి ఆయన నోట్లోనే కుక్కింది. ఆయన అడ్డు చెప్పలేదు. ఏడుస్తూ తనే రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు.

"తలుపు తెరిచి ఉంటే బాగుంటుంది!" అని అరిచాడు ఎలక్ట్రీషియన్.

ఫొటో మారలేదు. తలుపు అందులో లేదు మరి. లేనిదాన్ని ఎవరు మారుస్తారు? అతను ప్రొజెక్టరు వైరు పీకేశాడు. తెర మీద నాలుగు వీపులూ అలాగే ఉన్నాయి.

ఊపిరి చప్పుళ్లు... నాలుగు కావు... ఐదు.

మఫ్లరు వెనకాల మాస్టారి గొంతు మళ్లీ గురగురలాడింది. "ఎ... డమ..."

"బాగుంది!" అంది మందులమ్మ. ఆ గదిలో ఎవరూ అనని మాట. "చాలా బాగుంది. ఏమీ మార్చక్కర్లేదు. ఎవర్నీ తియ్యక్కర్లేదు. చెప్పండి, మీరూ చెప్పండి!"

"బాగుంది" అన్నాడు మొగుడు.

"బాగుంది" అన్నాడు ఎలక్ట్రీషియన్.

చటుక్... తర్వాతి ఫొటో. నాలుగు వీపులు. అదే.

మళ్లీ ముగ్గురూ బాగుందన్నారు. మళ్లీ అదే. యాభై. వంద. ఆమె చేతి గడియారం మూడూ నలభై దగ్గరే ఆగి ఉంది. బాగుందన్న కొద్దీ ఏదీ మారదు. తలుపూ తెరుచుకోదు. మానేస్తే మాస్టారు నోరు తెరుస్తాడు. తన మాటతోనే తను బందీ అయిందని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమే" అన్నాడు మొగుడు మెల్లగా. "డాక్టరు బయట పడ్డాడేమో. నన్నూ తీసెయ్యమను. నేను వెళ్లి తలుపు తెరిపిస్తా."

"నోర్ముయ్యండి" అంది. "పదకొండేళ్లకి వచ్చారు. కూర్చోండి."

ఆయన నవ్వబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాతి ఫొటో వచ్చింది. ఆమె గొంతు జీరబోయింది. "బాగుం..."

"నాకలా అనిపించట్లేదు సార్" అంది వెనకనుంచి ఒక గొంతు.

పళ్ళ డాక్టరుది. ఎప్పటిలాగే మర్యాదగా ఉంది.

"ఎడమ పక్కన ఆ కుర్చీ వెలితిగా ఉంది. వీళ్ల పక్కన ఎవరైనా వచ్చి కూర్చుంటే నిండుగా ఉంటుంది."

చటుక్...

మొగుడి చెయ్యి ఆమె చేతిలో ఒక్కసారిగా బిగుసుకుంది. ఆయన తెర వైపే చూస్తూ, పెదవులు కదపకుండా, "ఇటు తిరగకు" అన్నాడు.

ఆయనకు అవతల మడత కుర్చీ, బరువుకి కిర్రుమంది.